దిగులుకు డి విటమిన్ చాలునా?

గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థుల తల్లిదండ్రుల కోసం జరిగిన సభలో ఒక కంటి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. నన్ను కళ్ళ జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు. నేనే అడిగి విషయం కాస్త మార్చుకున్నాను. ఎందుకంటే మా ఓపీకి ఈ మధ్య ఒక రకం పేషెంట్లు ఎక్కువగా వస్తున్నారు. చేతిలో హెల్త్ చెకప్ ప్యాకేజీ రిపోర్టు ఉంటుంది. అందులో డి విటమిన్ అంకె కింద ఎర్రగా గీత పెట్టి ఉంటుంది. "కళ్ళు మంటలు డాక్టరు గారూ. చూపు ఆనడం లేదు. రాత్రి నిద్ర పట్టదు, పగలు దేనిమీదా మనసు నిలవదు. ఊరికే ఏడుపొస్తుంది. డి విటమిన్ పదకొండే ఉందంట. ఇదంతా దానివల్లేనా?" అని అడుగుతారు. బయట నలభై మంది కూర్చుని ఉండగా ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పడం కుదరదు. ఇవాళ చెబుతాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. డిప్రెషన్, ఒంట్లో వాపు, డి విటమిన్ లోపం, కంటి ఇబ్బందులు ఒకే మనిషిలో కలిసి కనిపించడం నిజం. డి విటమిన్ భర్తీ చేస్తే మిగతా మూడూ వాటంతటవే సర్దుకుంటాయన్నది మాత్రం నిజం కాదు. ఆ నమ్మకంతో నెలల తరబడి పొడి ప్యాకెట్లు తాగుతూ, అసలు డిప్రెషన్‌కు వైద్యం చేయించుకోకుండా ఉండిపోతున్నారు. నా బాధ అది.

వాపు సంగతి ముందు చూద్దాం. వేలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, నొప్పెడుతుంది. మన రక్షణ వ్యవస్థ చేసే మంచి పనే అది. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఇలా కాకుండా ఒళ్ళంతా సన్నగా, పైకి కనపడకుండా ఏళ్ళ తరబడి సాగే వాపు ఒకటుంది. ఊబకాయం, అదుపులో లేని షుగర్, పొగతాగడం, నిద్రలేమి, చిగుళ్ళ జబ్బు, కీళ్ళవాతం, ఇవన్నీ దాన్ని పెంచుతాయి. రక్తంలో సీఆర్‌పీ అనే పరీక్ష చేస్తే కొంత తెలుస్తుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ ఉన్నట్టు లెక్క.

దీనికీ మనసుకూ ఏం సంబంధం? చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉంటారు. ఆ జ్వరం రోజులు గుర్తు తెచ్చుకోండి. అన్నం సయించదు. మంచం దిగబుద్ధి కాదు. ఎవరైనా పలకరిస్తే విసుగు, పక్కగదిలో టీవీ చప్పుడు కూడా భరించలేం. క్రిమితో పోరాడుతూ మన ఒళ్ళు తయారుచేసుకున్న సైటోకైన్లు అనే పదార్థాలు మెదడుకు "కదలకు, పడుకో" అని చెబుతాయి. ఆ జ్వరం లక్షణాలు ఒక కాగితం మీద రాసి, పక్కన డిప్రెషన్ లక్షణాలు రాస్తే ఎన్నో కలుస్తాయి. జ్వరం పోతుంది, ఆ ఆదేశం కూడా ఆగిపోతుంది. ఆగకపోతే ఏమవుతుందన్నదే శాస్త్రజ్ఞులు పట్టుకున్న ప్రశ్న.

దీనికి బలమైన సాక్ష్యం లివర్ జబ్బుల దగ్గర దొరికింది. హెపటైటిస్ సి కి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు నెలల తరబడి ఇచ్చేవారు. ఇంటర్‌ఫెరాన్ కూడా సైటోకైనే. అంతకుముందు ఏ మానసిక బాధా లేనివాళ్ళలో కూడా, ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వచ్చేది. కష్టాలు కొత్తగా ఏమీ రాలేదు, ఇంట్లో గొడవల్లేవు. ఒంట్లోకి వెళ్ళిన ఒక పదార్థం మనసును కిందికి లాగింది. డిప్రెషన్ అంటే మనోబలం లేకపోవడం అనుకునే పెద్దలకు నేను ఎప్పుడూ ఈ సంగతే చెబుతాను.

లోపల ఏం జరుగుతుందో చెప్పే వివరణ ఒకటుంది. మనం తినే పప్పు, గుడ్డు, పాలలో ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉంటుంది. మనసును నిలకడగా ఉంచడంలో పాత్ర ఉన్న సెరటోనిన్ దాంట్లోంచే తయారవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు ఒక కాలవకు ఎక్కువ వదిలితే ఇంకో కాలవ కింద చివరి భూములకు అందవు కదా, అలాగే ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఒక ఎంజైము చురుకై ట్రిప్టోఫాన్‌ను కైనురెనిన్ అనే దారికి ఎక్కువగా మళ్ళిస్తుంది. ఆ దారిలో పుట్టే కొన్ని పదార్థాలు నరాల కణాలను ఇబ్బంది పెడతాయి కూడా.

అయితే డిప్రెషన్ ఉన్న అందరికీ ఈ వాపు ఉండదు. రక్తపరీక్షలు చేసి చూసిన అధ్యయనాలన్నీ కలిపితే, సీఆర్‌పీ 3 దాటినవాళ్ళు నలుగురిలో ఒకరు. 2013లో అమెరికాలో మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందికి, కీళ్ళవాతానికి వాడే వాపు తగ్గించే ఇంజెక్షన్ ఒకటి ఇచ్చి చూశారు. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మందు కన్నా మేలేమీ కనిపించలేదు. సీఆర్‌పీ 5 దాటి ఉన్నవాళ్ళలో మాత్రం కొంత గుణం కనిపించింది. కాబట్టి డిప్రెషన్ ఒకటే జబ్బు కాదు, ఒక్కొక్కరికి ఒక్కో దారిలో వస్తుంది. పక్కింటావిడకు పనిచేసింది మీకు పనిచేయకపోవచ్చు.

ఇక డి విటమిన్. పేరుకు విటమిన్ గానీ చేసే పని హార్మోనుది. చర్మంలో ఉండే ఒక కొవ్వు పదార్థం మీద ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు పడితే ఇది పుడుతుంది. తర్వాత కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి మారి పనికొచ్చే రూపానికి వస్తుంది. ల్యాబులో కొలిచేది కాలేయంలో మారిన రూపాన్ని. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే లోపం అంటారు. ఎముకలకు దీని అవసరం గురించి అనుమానమే లేదు.

ఇంత ఎండలున్న మన ప్రాంతంలో లోపమేమిటని అందరూ ఆశ్చర్యపోతారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు చాలా ఏళ్ళ కిందటే చూసి చెప్పారు: పట్టణాల్లోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో పొలం పనికి వెళ్ళేవాళ్ళలో కూడా లోపం ఉంది. మనది బియ్యం మీద నడిచే తిండి. కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వకుండా చేసే ఫైటేట్లు అనే ధాన్యాల్లోని పదార్థాలు ఎక్కువ. కాల్షియం చాలకపోతే ఉన్న డి విటమిన్ త్వరగా ఖర్చయిపోతుంది. చేప, గుడ్డు సొన తప్ప డి విటమిన్ ఇచ్చే తిండి మన కంచంలో తక్కువ. ఈ మధ్య కొన్ని పాల ప్యాకెట్ల మీద, నూనె ప్యాకెట్ల మీద ప్లస్ ఎఫ్ అని గుర్తు వస్తోంది, వాటిలో ఏ, డి విటమిన్లు కలుపుతారు. కొనేటప్పుడు చూడండి.

అసలు విషయానికి వస్తాను. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో డి విటమిన్ తక్కువగా ఉండటం ఎన్నో దేశాల్లో చూశారు. ఈ విటమిన్ అందుకునే గ్రాహకాలు మెదడులో కూడా ఉన్నాయి. దీంతో ఇదే కారణమని చాలామంది తేల్చేశారు. ఇంకోవైపు నుంచి ఆలోచించండి. దిగులుతో తలుపులేసుకుని కూర్చున్న మనిషికి ఎండ ఎక్కడిది? సరిగ్గా తినడు, నడవడు, ఒళ్ళు పెరుగుతుంది. కొవ్వు ఎక్కువున్న ఒంట్లో డి విటమిన్ కొవ్వులోకి చేరి, రక్తంలో తక్కువగా కనిపిస్తుంది. పైగా ఒంట్లో వాపు ఉన్నప్పుడు రక్తంలో ఈ అంకె తనంతట తనే తగ్గుతుంది. అంటే మీ రిపోర్టులోని పదకొండు, జబ్బుకు కారణం కాకుండా జబ్బు వల్ల వచ్చినది కూడా కావచ్చు.

తేల్చుకోవడానికి ఒకటే మార్గం. కొందరికి విటమిన్, కొందరికి అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ళ తరబడి గమనించడం. అమెరికాలో 50 ఏళ్ళు దాటిన 18,353 మందితో ఆ పని చేశారు. సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల డి విటమిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఐదేళ్ళకు పైగా చూసి 2020లో ఫలితం ప్రకటించారు. విటమిన్ తీసుకున్న వర్గంలో డిప్రెషన్ లేదా దాని లక్షణాలు వచ్చినవారు 609 మంది, తీసుకోని వర్గంలో 625. తేడా లేదనే అర్థం. వాళ్ళలో చాలామందికి మొదట్లో లోపం లేదు కాబట్టి, తీవ్రమైన లోపం ఉన్నవాళ్ళకు ఇది పూర్తిగా వర్తించకపోవచ్చు. లోపం ఉంటే సరిచేసుకోవాల్సిందే, ఎముకల కోసం, కండరాల కోసం. మనసుకు మందుగా లెక్కేసుకోవద్దని మాత్రమే నేను చెప్పేది.

ఇప్పుడు నా శాఖకు వస్తాను. కంటి వెనక ఉండే రెటీనా పిండం ఎదిగేటప్పుడు మెదడులోంచి పెరిగిన భాగమే. అందుకే మెదడు సంగతులు కంటిలో వెతుకుతారు. దీని మీద 2010లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఒక ప్రయోగం చేశారు. డిప్రెషన్ ఉన్న 40 మందిని, ఆరోగ్యంగా ఉన్న 40 మందిని కూర్చోబెట్టి, తెర మీద నలుపు తెలుపు చదరంగం గళ్ళు చూపించారు. గళ్ళ మధ్య తేడాను కొంచెం కొంచెంగా పెంచుతూ, రెటీనాలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని కొలిచారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఆ సంకేతం స్పష్టంగా తక్కువ. డిప్రెషన్ తగ్గాక మళ్ళీ కొలిస్తే మామూలుకు వచ్చింది. "రంగులన్నీ వెలిసిపోయినట్టున్నాయమ్మా" అని పేషెంటు అంటే, పరీక్షలో 6/6 వచ్చింది కదా అని కొట్టిపారేయకూడదని నాకు దీనివల్ల బాగా అర్థమైంది. 6/6 అనేది నల్లటి అక్షరాలను చదవగలిగే శక్తి మాత్రమే.

ఓసీటీ అనే కంటి స్కాన్‌లో రెటీనా పొరలు డిప్రెషన్ ఉన్నవాళ్ళలో పలచబడ్డాయని కొన్ని అధ్యయనాలు, లేదని కొన్ని చెబుతున్నాయి. కాబట్టి కన్ను స్కాన్ చేసి డిప్రెషన్ ఉందో లేదో చెబుతామని ఎవరైనా అంటే నమ్మకండి, డబ్బు కట్టకండి.

రోజూ నేను చూసేవి ఇంతకన్నా మామూలు సంగతులు. కళ్ళు పొడిబారడం ఒకటి. పొడికళ్ళు ఉన్నవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువ, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో మంట, గరగర ఎక్కువ. రోజంతా కళ్ళలో ఇసుక పోసినట్టుంటే మనసెలా బాగుంటుంది? మన మిర్చి యార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళను చూడండి. ఘాటుకు ముక్కు, నోరు గుడ్డతో కట్టుకుని, షెడ్డు నీడలో పొద్దుగూకులు కూర్చుంటారు. కళ్ళకు మాత్రం అడ్డేమీ ఉండదు. వాళ్ళు కళ్ళ మంటలని వస్తే మిర్చి ఘాటే అనుకుని చుక్కల మందు రాసి పంపడం తేలిక. వేళ్ళ కణుపులు కూడా చూడాలి. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి గంటసేపు ముడవడానికి రాకపోతే, నోరు కూడా ఎండిపోతుంటే, అది కీళ్ళవాతంతో కలిసిన పొడికళ్ళ జబ్బు కావచ్చు. అలాంటి మనిషిలో నేను ఇందాక చెప్పిన నాలుగూ నిజంగానే ఒక తాటి మీద ఉంటాయి. రక్షణ వ్యవస్థ దారి తప్పి కీళ్ళను, కన్నీటి గ్రంథులను దెబ్బతీస్తుంది. ఆ వాపే దిగులును పెంచుతుంది. కదలలేక, ఎండకు రాలేక డి విటమిన్ తగ్గుతుంది. ఇక్కడ మూలం వాపు. దానికి కీళ్ళ డాక్టరు వైద్యం మొదలుపెడితే మిగతావి కూడా తేలికపడతాయి.

అలా వెళ్ళకుండా చాలామంది నొప్పుల ఇంజెక్షన్ పొడిపించుకుంటారు. సాయంత్రానికే లేచి తిరుగుతారు కాబట్టి అది అమృతంలా అనిపిస్తుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే నెలల మీద అసలు రూపం చూపిస్తుంది. కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, శుక్లాలు ముందే వస్తాయి, కొందరికి రెటీనా మధ్యలో నీరు చేరుతుంది. ఓసీటీ స్కాన్ చూస్తే చదునుగా ఉండాల్సిన పొర ఉబ్బెత్తుగా లేచి, దాని కింద నల్లగా నీటి మడుగు కనిపిస్తుంది. చూపు మధ్యలో మసక, గీతలు వంకరగా కనిపించడం, వస్తువులు చిన్నవైపోయినట్టుండటం దీని లక్షణాలు. తీవ్రమైన టెన్షన్‌లో ఉన్న 30, 40 ఏళ్ళ మగవాళ్ళలో స్టెరాయిడ్ వాడకపోయినా ఇది వస్తుంటుంది. స్టెరాయిడ్లు నిద్రను చెడగొడతాయి, దిగులునూ తెస్తాయి. డాక్టరు రాసిచ్చి, డోసు తగ్గిస్తూ వాడించేది వేరు. చీటీ లేకుండా మందుల షాపులో కొని, ఎర్రబడ్డ కంట్లో వేసుకునే స్టెరాయిడ్ చుక్కలు చాలా ప్రమాదం.

నీటికాసులు, అదే గ్లకోమా ఉన్నవాళ్ళ గురించి ఒక్క మాట. ఆ జబ్బుకు రాసిచ్చిన చుక్కలు జీవితాంతం రోజూ వేసుకోవాలి. డిప్రెషన్‌లోకి జారిన మనిషి మొదట మానేసేది ఇలాంటి పనులే. నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చుక్కలు మానేశారంటే బద్ధకం అని కసరకండి, మనసెలా ఉందో అడగండి. శుక్లాలు ముదిరి పేపరు చదవలేక, గుడికి వెళ్ళలేక ఒక మూలన కూర్చుండిపోయిన పెద్దవాళ్ళలో కూడా దిగులు పెరుగుతుంది. శుక్లాల ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. వయసైపోయింది ఇప్పుడెందుకులే అనకండి.

ఎండ గురించి చెప్పాల్సింది మిగిలింది. ఎండ మన మీద రెండు దారుల్లో పనిచేస్తుంది. చర్మం దారిలో డి విటమిన్ వస్తుంది. కంటి దారిలో వెలుతురు వెళ్ళి, రెటీనాలో మెలనాప్సిన్ అనే, వెలుతురును పసిగట్టే పదార్థం ఉన్న ప్రత్యేక కణాలను తాకి, మెదడులోని గడియారానికి పొద్దు తెలియజేస్తుంది. ఈ కణాల పని 2002లోనే బయటపడింది. నిద్ర, మెలకువ, హుషారు ఆ గడియారం చేతిలో ఉంటాయి. ఈ రెండు దారులకూ వేళలు వేరు. తిరుపతిలో చేసిన పరీక్షల్లో చర్మంలో డి విటమిన్ బాగా తయారయ్యేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపే. పొద్దున్నే లేత ఎండలో నడిస్తే డి విటమిన్ వచ్చేస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఆ ఎండతో వచ్చేది చాలా తక్కువ. కానీ మెదడు గడియారానికి ఆ పొద్దుటి వెలుతురే మేలు. మీ హాల్లో ట్యూబులైటు కింద వెలుతురు, దాన్ని కొలిచే లక్స్ లెక్కలో, రెండు మూడు వందలు ఉంటే, ఆరుబయట నీడలోనే వేలల్లో ఉంటుంది. డిప్రెషన్‌కు వెలుతురు చికిత్స అని ఒకటుంది, 10,000 లక్స్ దీపం ముందు పొద్దున అరగంట కూర్చోబెడతారు. చలికాలపు దిగులుకే కాదు, మామూలు డిప్రెషన్‌కు కూడా మేలు చేస్తుందని 2016లో చూపించారు. కాబట్టి నడక మానకండి, డి విటమిన్ కోసమని మాత్రం లెక్క వేసుకోకండి. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం 12 గంటలప్పటి ఎండకు వెళ్ళమని నేను అనడం లేదు, వడదెబ్బ ప్రాణం తీస్తుంది. మిగతా నెలల్లో చేతులు, ముఖం తగిలేలా కాసేపు చాలు. సూర్యనమస్కారాలు చేయండి, సూర్యబింబం వైపు తదేకంగా చూడకండి. రెటీనా మధ్యలో కాలిన మచ్చ పడుతుంది.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

ఒక తల్లి రాశారు. బాబు ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు, ఆరు నెలలకే అద్దాల పవర్ పెరిగింది, ఫోన్ చేస్తే మాట్లాడడు, కిటికీ పక్క మంచం ఇప్పించాను, డి విటమిన్ ప్యాకెట్లు పంపనా అని. అమ్మా, కిటికీ అద్దం డి విటమిన్ పుట్టించే కిరణాలను ఆపేస్తుంది, అక్కడ విటమిన్ రాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ళకు దగ్గరచూపు, అంటే దూరం సరిగ్గా ఆనని లోపం, వచ్చినవాళ్ళు 30.4 శాతం, ఆ పీరియడ్ లేని బళ్ళలో 39.5 శాతం. దీన్ని వెలుతురు చేసిన మేలుగానే చాలామంది పరిశోధకులు చూస్తారు. పెద్ద క్లాసు పిల్లలకు పవర్ పెరగడం మీద అంత ప్రభావం ఉండకపోవచ్చు, నిద్రకు, మనసుకు మేలు. హాస్టల్ వాళ్ళను మీరంతా కలిసి అడగండి, పొద్దున ఒక గంట మైదానం కావాలని. ఈ చీటీలో నన్ను కలవరపెట్టింది పవర్ కాదు, మాట్లాడడు అన్న మాట. ప్యాకెట్లు తర్వాత పంపవచ్చు. రేపే వెళ్ళి పిల్లాణ్ణి బయటికి తీసుకెళ్ళి కూర్చోండి. మార్కుల మాట ఎత్తకండి. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేదా, దిగులుగా, ఆశ లేనట్టు ఉందా అని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగా అడగవచ్చు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్ళండి. టెలి మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

మాస్టారొకరు 60 వేల యూనిట్ల ప్యాకెట్ నీరసంగా ఉందని రోజూ తాగుతున్నానని రాశారు. మాస్టారూ, దాన్ని మామూలుగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలే రాస్తారు. రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, తికమక, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది. ఆ నీరసం కూడా దానివల్లే కావచ్చు. ఇవాళే ఆపి, రేపు కాల్షియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించి మీ ఫిజీషియన్‌కు చూపించండి.

చివరి చీటీ. డిప్రెషన్ మాత్రలు వేసుకున్నప్పటి నుంచి కళ్ళు ఎండిపోతున్నాయి, మానేయవచ్చా అని. మీరు గమనించింది నిజమే, ఆ మాత్రల్లో కొన్ని కళ్ళు పొడిబారుస్తాయి. సొంతంగా మాత్రం ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే తలతిప్పుడు, నిద్రలేమి వస్తాయి, దిగులు తిరగబెడుతుంది. కన్నీటి చుక్కలతో చాలామందికి సరిపోతుంది, చాలకపోతే మాత్ర మార్చే వీలుంది. ఒక్క సందర్భంలో ఆలస్యం చేయవద్దు. హఠాత్తుగా కన్ను విపరీతంగా నొప్పి పెట్టి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతులైతే అది కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరగడం. కొందరి కళ్ళ నిర్మాణానికి ఈ మాత్రల వల్ల అలా జరగవచ్చు. రాత్రయినా సరే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. మనసుకు వాడే మందు పేరు కంటి డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడి దాచేవాళ్ళు ఉన్నారు, దయచేసి దాచవద్దు.